కారులో మోగే రేడియో ఆఫీసులో మూగబోతే

అమెరికాలో కారు కొన్నవాళ్లకు సిరియస్ ఎక్స్‌ఎం ఉపగ్రహ రేడియో చాలాసార్లు కొన్ని నెలలు ఉచితంగా వస్తుంది. ఆఫీసుకు వెళ్లే దారిలో వార్తలో, స్టాక్ మార్కెట్ కబుర్లో, పాత రాక్ పాటలో అలవాటవుతాయి. పార్కింగ్ లాట్‌లో ఇంజన్ ఆపగానే మంచి చర్చ సగంలో తెగిపోతుంది. మిగతాది సీట్లో కూర్చుని వినాలనిపిస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని, ఓ చిన్న రిసీవరూ దానికో యాంటెనా కొనుక్కొచ్చి డెస్క్ మీద పెట్టుకోవడం. తెర మీద మాత్రం సిగ్నల్ లేదన్న మాట తప్ప ఇంకేదీ కనబడదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆఫీసు గోడల లోపలికి ఉపగ్రహాన్ని రప్పించే ప్రయత్నం నూటికి తొంభైమంది మానుకోవడం మంచిది. మీరు డబ్బు కడుతున్నది ఛానెళ్లకు, ఆకాశానికి కాదు. అవే ఛానెళ్లు మీ చెవికి చేరడానికి వేరే దారులున్నాయి. వాటిలో ఏ దారి మీ పనిచోటుకు సరిపోతుంది, ఏ దారిలో వెళ్తే ఉద్యోగానికి చిక్కు వస్తుంది అన్నదే తెలుసుకోవలసిన సంగతి.

సిగ్నల్ ఎందుకు రాదో తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది. ఈ రేడియో ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటు తిరుగుతూ ఉంటాయి. అక్కడినుంచి 2.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పంపే తరంగం మన దగ్గరికొచ్చేసరికి చాలా బలహీనపడుతుంది. కారు కప్పు మీది బుల్లి యాంటెనాకు ఎదురుగా ఆకాశం తెరిచి ఉంటుంది కాబట్టి అది అందుకోగలదు. ఇనుప చువ్వల కాంక్రీటు, తగరపు రేకుల కప్పు, ఎండ వేడి లోపలికి రాకుండా పలచని లోహపు పూత పూసిన అద్దాలు, ఇవన్నీ దాన్ని అక్కడే ఆపేస్తాయి. భవనం లోపల జీపీఎస్ తడబడేది కూడా ఇందుకే. పక్క గదిలో రౌటరు ఉన్న వైఫై గోడ దాటి వస్తోంది కదా, ఇదెందుకు రాదు అని అడుగుతారు కొందరు. వైఫై పెట్టె పది అడుగుల దూరంలో ఉంది, ఉపగ్రహం వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంతే తేడా.

మరి న్యూయార్క్ లాంటి నగరాల్లో ఆకాశహర్మ్యాల నడుమ కారు రేడియో ఆగకుండా ఎలా మోగుతోంది? ఉపగ్రహం కనబడని చోట్ల కోసం కంపెనీ నేల మీద కూడా రిపీటర్లు నిలబెట్టింది. అందుకే డౌన్‌టౌన్‌లో ఉన్న ఆఫీసులో ఒక్కోసారి కిటికీ ఏ దిక్కున ఉన్నా సిగ్నల్ పలుకుతుంది. మనవాళ్లు ఎక్కువగా పనిచేసే ఆఫీసు పార్కులేమో ఊరి బయట, చుట్టూ చెట్లు, కార్ల మైదానాలు ఉన్న చోట ఉంటాయి. అక్కడ రిపీటరు దగ్గర్లో లేకపోతే ఆకాశమే గతి. ఊరి బయట గాలి ధారాళంగా ఉంటుంది కాబట్టి సిగ్నల్ కూడా ధారాళంగా ఉంటుందనుకోవడం పొరపాటు.

ఇంతా చెప్పినా, మీ సీటు కిటికీ పక్కనే ఉంటే ఒక పరీక్ష చేయవచ్చు. కొనకముందే చేయండి. అమెరికా నుంచి చూస్తే ఈ ఉపగ్రహాలన్నీ దక్షిణపు ఆకాశంలో ఉంటాయి. డల్లాస్‌లో నేల నుంచి దాదాపు 50 డిగ్రీల ఎత్తున, న్యూజెర్సీలో తూర్పు వైపు ఉపగ్రహమైతే 42 డిగ్రీల దగ్గర, సియాటిల్ లాంటి ఉత్తరపు ఊళ్లలో ఇంకా కిందికి, 35 డిగ్రీల చుట్టుపక్కల కనబడాలి. న్యూజెర్సీలో అది సరిగ్గా దక్షిణాన కాక నైరుతి వైపు కాస్త ఒరిగి ఉంటుంది. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, ఆ వైపు కిటికీలోంచి ఆ ఎత్తున ఆకాశం కనబడుతోందా చూడండి. ఎదుటి భవనం గానీ పైన వేలాడే సన్‌షేడ్ గానీ ఆకులు దట్టంగా ఉన్న చెట్టు గానీ అడ్డుంటే అక్కడితో వదిలేయండి. చలికాలంలో ఆకులు రాలినప్పుడు పలికి, ఏప్రిల్ తర్వాత మూగబోయే యాంటెనాలు కూడా ఉంటాయి. ఉత్తరపు కిటికీ అయితే పరీక్ష కూడా అక్కర్లేదు.

దక్షిణపు కిటికీ ఉండి, అద్దం మామూలుదై, యాంటెనా పలికిందనుకోండి. కిటికీ నుంచి మీ సీటు దాకా తీగ ఎంత పొడవైతే అంత సిగ్నల్ పోతుంది. ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీకి చవక పొడిగింపు తీగలు పనికిరావు. రిసీవరును కిటికీ దగ్గరే ఉంచి, అక్కడి నుంచి ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ ద్వారా డెస్క్ మీది రేడియోకు పంపడం ఇంకో ఉపాయం. దాని జోలికి పోకండి. బుల్లి ట్రాన్స్‌మిటర్లకు కూడా అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ కట్టుదిట్టమైన పరిమితి పెట్టింది. 2006లో, అప్పటికి వేర్వేరుగా ఉన్న సిరియస్, ఎక్స్‌ఎం రెండు కంపెనీల రిసీవర్లూ కొన్ని ఆ పరిమితి దాటుతున్నాయని గోల కూడా జరిగింది. పక్క క్యూబికల్‌వాళ్ల రేడియోలో మీ టాక్ షో వినబడితే మొదటిరోజు నవ్వుతారు, రెండోరోజు ఫిర్యాదు చేస్తారు. ఇక రూఫ్ మీద యాంటెనా అంటే భవనం యజమాని అనుమతి, తీగ లాగే మనిషి, పై అధికారి సంతకం. ఒక మనిషి పాటల కోసం ఇంత తతంగం ఏ కంపెనీ ఒప్పుకోదు.

హైదరాబాదులో, విజయవాడలో కాస్త వయసున్న శ్రోతలకు ఈ దిక్కుల వ్యవహారం కొత్త కాదు. వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో ఉన్న రోజుల్లో కిటికీ గట్టు మీద చదునైన యాంటెనాను ఆగ్నేయం వైపు తిప్పి, సిగ్నల్ గీతలు పెరిగేదాకా అంగుళం అంగుళం జరిపేవారు. అందులో తెలుగుకు స్పందన అనే ఛానెల్ ఉండేది. 2009 డిసెంబరు 31తో మనదేశంలో ఆ సేవ ఆగిపోయింది. ఆ పెట్టె ఉన్నవాళ్లు ఇళ్లలో కిటికీ పక్కన పెట్టుకుని సుఖంగా విన్నారు. ఆఫీసులకు తీసుకెళ్లినవాళ్లకు మాత్రం అప్పుడూ ఇదే బాధ.

సరే, దారి మారుద్దాం. సిరియస్ ఎక్స్‌ఎం ఛానెళ్లు చాలావరకు ఫోన్ యాప్‌లోనూ వస్తాయి. 2009లో ఇంటర్నెట్‌లో వినడానికి విడిగా నెలకు మూడు డాలర్ల దాకా వసూలు చేసేవారు. ఇప్పుడు చాలా ప్లాన్లలో యాప్ కలిసే ఉంటుంది, కానీ అన్నిటిలో కాదు. కారు రేడియోకు మాత్రమే పనికొచ్చే ప్లానూ ఉండవచ్చు. అకౌంట్‌లోకి వెళ్లి ఒకసారి చూసుకోండి. ఇప్పటికే కడుతున్న డబ్బులో యాప్ ఉంటే, ఆఫీసు కోసం ఇంకో రిసీవరు, దానికి ఇంకో చందా ఎందుకు?

యాప్ అనగానే డేటా గురించి భయపడతారు. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో ఎనిమిది గంటలు వింటే 230 మెగాబైట్లు. నెలకు ఇరవై పనిదినాలైతే నాలుగున్నర గిగాబైట్లకు కాస్త ఎక్కువ. అదే 256 కిలోబిట్లయితే రోజుకు 920 మెగాబైట్లు, నెలకు పద్దెనిమిది గిగాబైట్లు దాటుతుంది. మాటల కార్యక్రమానికి తక్కువ నాణ్యత చాలు. సెట్టింగుల్లో ఆ ఒక్క మార్పు చేసుకుంటే మామూలు డేటా ప్లాన్ కూడా తట్టుకుంటుంది. తెలుగు పాటల కోసం రోజంతా యూట్యూబ్ వీడియో తిప్పేవాళ్లున్నారు. చెవులకు కావలసినదాని కోసం కళ్లు చూడని బొమ్మకు డేటా ధారపోయడం అది.

ఇక్కడ ఒక జాగ్రత్త, ముఖ్యంగా కన్సల్టెంట్లకు. క్లయింటు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో రేడియో యాప్ పెట్టకండి. బ్రౌజర్‌లో తెరవడం కూడా వద్దు. ఆ యంత్రం మీది కాదు, మీ కంపెనీది కూడా కాదు. అందులో మీరు కొట్టే సొంత పాస్‌వర్డు ఎవరి లాగ్‌లో పడుతుందో మీకు తెలియదు. ఆఫీసు ఫైర్‌వాల్ రేడియో సైట్లను ఆపేస్తే, దాన్ని తప్పించుకోవడానికి సొంత వీపీఎన్ వేసే తెలివి అస్సలు చూపకండి. పాట వినడం ఎవరికీ నేరంగా కనబడదు, భద్రతా ఏర్పాటును దొడ్డిదారిన దాటడం నేరంగానే కనబడుతుంది. కాంట్రాక్టు పొడిగింపు మీదే వీసా నిలబడి ఉన్న మనిషి ఒక టాక్ షో కోసం ఆ మాట పడకూడదు. సొంత ఫోను, సొంత డేటా, లేకపోతే అతిథుల కోసం ఇచ్చే వైఫై. అది కూడా వాడుకోవచ్చని ఐటీ విభాగం చెప్పాకే.

కొన్నిచోట్ల ఈ దారీ మూసుకుపోతుంది. ఉపగ్రహాన్ని ఆపిన అద్దమే సెల్ టవర్‌నూ ఆపుతుంది. బేస్‌మెంట్ ల్యాబులో, ఆసుపత్రి లోపలి ఫార్మసీలో, గిడ్డంగి నడిబొడ్డున ఫోన్‌కు ఒక గీత కూడా రాదు. సిబ్బంది సొంత ఫోన్లకు వైఫై ఇవ్వరు. అలాంటి చోట ప్రత్యక్ష ప్రసారం మీద ఆశ వదిలి, ముందురోజు రాత్రి ఇంట్లో దింపుకోవడమే మార్గం. టాక్ కార్యక్రమాలు చాలా పాడ్‌కాస్టులుగా కూడా వస్తున్నాయి. ఏ పాడ్‌కాస్ట్ యాప్ అయినా ఇంటి వైఫై మీద వాటంతటవే దిగేలా పెట్టుకోవచ్చు. పాటలకు చందా కట్టిన యాప్‌లలో దింపుకునే వీలుంటుంది. నిజానికి శాటిలైట్ రేడియోవాళ్లూ ఈ బాధను ఎప్పుడో గుర్తించారు. 2005, 2006 ప్రాంతంలో సిరియస్ ఎస్50, ఎక్స్‌ఎం వాళ్ల పయనీర్ ఇన్నో లాంటి చేతిలో పట్టే రిసీవర్లు వచ్చాయి. సిగ్నల్ ఉన్నప్పుడు గంటల తరబడి నింపుకుని, లేనిచోట వినిపించేవి. ఇన్నో రాగానే 2006లో పెద్ద రికార్డు కంపెనీలు ఎక్స్‌ఎం మీద దావా వేశాయి. ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది, దావా లేకుండా.

క్రికెట్టు, బేస్‌బాల్ వినేవాళ్లకు ఒక మాట. యాప్‌లో వచ్చే ప్రసారం నిజమైన ఆటకంటే, కారు రేడియోకంటే కూడా వెనకబడి వస్తుంది. వికెట్ పడిన సంగతి వాట్సాప్ గ్రూపులో ముందు తెలిసిపోతుంది. దానికి మందు లేదు, గ్రూపును కాసేపు మ్యూట్‌లో పెట్టుకోవడం తప్ప.

సిగ్నల్ దొరికిందా లేదా అన్నదానికంటే పెద్ద ప్రశ్న, మీరు చేస్తున్న పనిలో చెవులు మూసుకోవచ్చా అన్నది. ఫోర్క్‌లిఫ్టులు తిరిగే గిడ్డంగిలో, వెనక్కి వచ్చే ట్రక్కు బీప్ వినబడాల్సిన లోడింగ్ డాక్‌లో, యంత్రాల పక్కన ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. నిర్మాణ స్థలాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకోకూడదని నేరుగా చెప్పే ఫెడరల్ నియమం లేదని కార్మిక భద్రతా సంస్థ ఓషా 2019లో స్పష్టం చేసింది. అంటే పెట్టుకోవచ్చని కాదు. వాటి వల్ల ప్రమాదం పెరిగితే బాధ్యత యజమానిదే కాబట్టి, చాలా కంపెనీలు సొంతంగానే నిషేధిస్తాయి. పాటల హెడ్‌ఫోన్ చెవి రక్షణ పరికరానికి బదులు కాదని కూడా అదే సంస్థ చెప్పింది. ఎనిమిది గంటల సగటున 85 డెసిబెల్స్ మోత ఉన్న చోట వినికిడి రక్షణ కార్యక్రమం నడపాలన్నది నియమం. అంత మోత మీద పాట వినబడాలంటే వాల్యూమ్ ఇంకా పెంచాలి, అంటే చెవికి రెండు దెబ్బలు. మోత ఉన్న చోట పాట వద్దు. నిశ్శబ్దంగా సార్టింగ్ చేసే చోట సూపర్‌వైజరు సరేనంటే ఒక చెవికే పెట్టుకోండి. కార్డు నంబర్లు చెవిన పడే కాల్ సెంటర్లు, ప్రభుత్వ రహస్య పనులు జరిగే గదులు, ఇలాంటి చోట్ల ఫోనే లోపలికి రానివ్వరు. అక్కడ అడగడం కూడా అనవసరం.

గ్యాస్ స్టేషన్లలో, ఇండియన్ గ్రోసరీ షాపుల్లో, రెస్టారెంట్లలో పార్ట్‌టైమ్ చేసే పిల్లలు వేరే రకం ఇరకాటంలో పడతారు. కౌంటర్ దగ్గర ఊసుపోక, "అన్నా, నా ఫోన్ స్పీకర్‌కి కలిపి పాటలు పెట్టనా?" అని అడుగుతారు. ఓనరు సరే అంటాడు. మీ ఒక్కరి చెవికి వినబడే పాట మీ సొంత వ్యవహారం. కొట్టుకొచ్చినవాళ్లందరికీ వినబడే పాట చట్టం దృష్టిలో బహిరంగ ప్రదర్శన. సిరియస్ ఎక్స్‌ఎం గానీ పాటల యాప్‌లు గానీ వ్యక్తిగత చందాను వ్యాపార స్థలంలో వాడుకోవడానికి ఒప్పుకోవు. వ్యాపారాలకు వేరే ప్లాన్లున్నాయి, వాటిలో పాటల హక్కుల రుసుము కలిసి ఉంటుంది. మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియో పెట్టుకోవడానికి అమెరికా కాపీరైటు చట్టం చిన్న కొట్లకు మినహాయింపు ఇచ్చింది. మొత్తం వైశాల్యం 2,000 చదరపు అడుగుల లోపు ఉన్న దుకాణాలకు, 3,750 చదరపు అడుగుల లోపు ఉన్న రెస్టారెంట్లకు అది వర్తిస్తుంది. రేడియో విన్నందుకు కస్టమరు దగ్గర డబ్బు తీసుకోకూడదు. మీ ఫోన్‌లోని తెలుగు పాటల జాబితాకు ఈ మినహాయింపు లేదు. హక్కుల సంస్థ నుంచి ఉత్తరం వస్తే అది ఓనరు పేరు మీదే వస్తుంది, కానీ ఆ రోజు కౌంటర్‌లో ఎవరున్నారన్నది కూడా ఆయనకు గుర్తుంటుంది. ఆ స్పీకర్ ఏర్పాటు ఓనరుకే వదిలేయండి.

తెలుగు వినాలనుకునేవాళ్లకు ఒక సౌకర్యం గుర్తుచేస్తాను. ఆకాశవాణి యాప్ న్యూస్ ఆన్ ఎయిర్‌లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కేంద్రాలు ఉచితంగా వస్తాయి. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదికి మీరు సీట్లో కూర్చునేసరికి మన దగ్గర ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అంటే అక్కడి సాయంకాలపు ప్రసారం మీ ఉదయపు కాఫీతో సరిపోతుంది. పొద్దుటి భక్తిగీతాలు కావాలంటే మాత్రం రాత్రి అంట్లు తోముకునేటప్పుడు పెట్టుకోవాలి.

ఏది వినాలన్నదానిపైనా ఆలోచించండి. మాటలతో కూడిన పని చేస్తూ మాటలు వినడం కుదరదు. మెయిల్ రాస్తూ, కోడ్ రివ్యూ చేస్తూ రాజకీయ చర్చ వింటే రెండూ సగం సగం అవుతాయి. పాత టెస్టులు మళ్లీ నడపడం, ఇన్‌వాయిస్‌లు స్కాన్ చేయడం, సామాను సర్దడం లాంటివాటికి టాక్ షో బాగుంటుంది. మిగతావాటికి వాయిద్య సంగీతం, లేకపోతే నిశ్శబ్దం. కొత్తగా చేరిన ఉద్యోగంలో మొదటి కొన్ని వారాలు హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టడం మేలు. పక్క టేబుళ్ల మీద జరిగే మాటల్లోనే ఆ టీమ్ ఎలా పనిచేస్తుందో సగం తెలుస్తుంది. కొత్తవాళ్లు చెవులు మూసుకు కూర్చుంటే పలకరించేవాళ్లు కూడా తగ్గిపోతారు.

మేనేజరును అడగడానికి మొహమాటపడి దొంగచాటుగా ఒక ఇయర్‌బడ్ జుట్టులో దాచుకునేవాళ్లున్నారు. ఆ దాపరికమే చెడ్డగా కనబడుతుంది. అడిగేటప్పుడు "రేడియో వినవచ్చా" అని పొడిగా కాకుండా వివరం చెప్పండి. సొంత ఫోన్‌లో, ఆఫీసు నెట్‌వర్క్ వాడకుండా, ఒక చెవికే, మీటింగులు లేని వేళల్లో అంటే వద్దనడానికి ఆయనకు పెద్దగా కారణం దొరకదు. వద్దంటే వదిలేయండి, ఎందుకని వాదించకండి.

ఏ దారీ లేనివాళ్లకు భోజన విరామంలో కారు ఉండనే ఉంది. డబ్బా తీసుకెళ్లి కారులో కూర్చుని, పొద్దున తెగిపోయిన చర్చ మిగతాది విని రావచ్చు. ఇంజన్ ఆపి యాక్సెసరీలో మాత్రమే రేడియో నడిపితే పాత బ్యాటరీ చలికాలంలో మొరాయిస్తుంది. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం హీటరు కోసం ఇంజన్ నడుపుతూ కూర్చోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

చివరిగా బిల్లు సంగతి. ఉచిత గడువు, తగ్గింపు ధర గడువు ముగిశాక చందా అసలు ధరకు మారిపోతుంది. ఆపించాలంటే ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాల్సి వస్తోందన్న ఫిర్యాదుల మీద 2023 డిసెంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ సిరియస్ ఎక్స్‌ఎం మీద కోర్టుకు వెళ్లారు. ఆ రద్దు పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2024 నవంబరులో న్యాయమూర్తి తేల్చారు. తీర్పు వచ్చినా మీ జాగ్రత్తలో మీరుండండి. గడువు ముగిసే తేదీకి వారం ముందు ఫోన్ క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టుకోండి. ఆ రోజు ప్లాన్‌లో యాప్ ఉందో లేదో చూసి, లేకపోతే యాప్ ఉన్న ప్లాన్ ధర అడగండి. నచ్చకపోతే ఆపేయమని చెప్పి, ఆపేసినట్టు మెయిల్ వచ్చాకే ఫోన్ పెట్టండి.